దాచిన గళ్ళు

పూర్వం ఊళ్ళో కొట్టు నడిపే శెట్టిగారికి చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ గీత ఎక్కడ గీయాలో, ఏ వరుసకు ఎంత వెడల్పు ఇవ్వాలో ఆయనే నిర్ణయించుకునేవారు. పుస్తకం ఆయన చేతి అలవాటుకు లొంగి ఉండేది. పెద్ద సంస్థల లెక్కలు కంప్యూటరుకెక్కిన తరువాత ఈ సంబంధం తలక్రిందులయింది. గీతలు వేరెవరో గీస్తారు. రాసేవాడు ఆ గీతలకు లొంగాలి. అలా గీసిన గీతలను రాసేవాడి వైపు కొంత జరపడమే చాలా ఏళ్ళుగా నా వృత్తి. వినడానికి చప్పిడిగా ఉంటుందని తెలుసు. అయినా అందులో ఒక ధర్మసూక్ష్మం ఉంది. అది చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

1972లో ఐబీఎంను విడిచి వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు జర్మనీలో స్థాపించిన సంస్థ ఎస్.ఏ.పీ. అక్షరాలను విడివిడిగా పలకాలని సంస్థవారి కోరిక. అమీర్‌పేట శిక్షణా కేంద్రాల పుణ్యమా అని మనకది 'శాప్'గా స్థిరపడింది. చివర ఒక సున్నా చేర్చి పిలిచే హాస్యప్రియులూ లేకపోలేదు. 1992లో వెలువడిన ఆర్/3 అనే కూర్పుతో ఈ సాఫ్టువేరు ప్రపంచమంతటా కర్మాగారాలలోకి ప్రవేశించింది.

ఇందులో సరుకు రాకను నమోదు చేసే తెర పేరు 'మిగో'. మొదటిసారి చూసినవారికి కళ్ళు తిరుగుతాయి. పైన కొన్ని గళ్ళు, క్రింద పొరలు పొరలుగా మరికొన్ని: సరుకు, పరిమాణం, ఎక్కడ పెట్టాలి, కొనుగోలు ఉత్తర్వు వివరాలు వగైరా. ఇన్ని ఎందుకంటే, మందుల కంపెనీకీ సిమెంటు ఫ్యాక్టరీకీ ఇదే తెర పనికిరావాలి. ఎవరికి వారికి కావలసినవి నాలుగైదు గళ్ళే. అందరి నాలుగైదులూ ఒకచోట చేరేసరికి తెర సంతరోజు బజారులా నిండిపోతుంది.

ఆ రద్దీని తగ్గించడానికి దారులు చాలా ఉన్నాయి. ఏ గడి కనబడాలి, ఏది తప్పక నింపాలి, ఏది చూడడానికే పరిమితం అన్నది అమరికలలోనే కొంతవరకు తేల్చవచ్చు. ఎస్‌హెచ్‌డీ0 అనే సౌకర్యంతో మనం ఒక్కసారి ఆ పని చేసి చూపిస్తే, దారిలో తగిలిన గళ్ళ జాబితాను మన ముందుంచుతుంది. దాచవలసినవాటికి టిక్కు పెట్టడమే తరువాయి. గుయ్‌ఎక్స్‌టీ అనే పనిముట్టు మరో రకం. అసలు ప్రోగ్రాముకు తెలియకుండానే, చిన్న చిన్న ఆజ్ఞలతో పైన మరో తెర చిత్రిస్తుంది: ఒక వరుస రాస్తే గడి మాయం, మరో వరుస రాస్తే బటను ప్రత్యక్షం. తరువాత వచ్చిన స్క్రీన్ పెర్సోనాస్‌లో మౌసుతో గళ్ళను లాగి పక్కన పెట్టవచ్చు. 2013లో ఫియోరి అనే కొత్త ముఖం వచ్చింది. వీటికి మొదట విడిగా వసూలు చేసిన రుసుమును, వాడుకరుల ఒత్తిడి మీద 2014లో ఎత్తివేశారు.

ఏ దారిలో వెళ్ళినా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. గడిని దాచినంత మాత్రాన ప్రశ్న పోదు. అది లోపల అలాగే ఉంటుంది; మనం ముందుగా రాసిపెట్టిన జవాబు దానికి చేరుతూ ఉంటుంది. అంటే తెరముందు కూర్చున్న మనిషి పేరుమీద ఎవరో ఒక నిర్ణయం తీసేసుకున్నారన్నమాట.

ఇది నాకు బోధపడిన చోటు కోస్తాలో ఒక మోటారు పంపుల కర్మాగారం. లారీ దిగిన సరుకు నమోదుకు చాలా సమయం పడుతోందని, 11 గళ్ళు తీసివేయమని యాజమాన్యం జాబితా ఇచ్చింది. దేనిమీదా చెయ్యి వేయకముందు రెండు రోజులు స్టోర్సులో కూర్చున్నాను. అక్కడి స్టోర్‌కీపరు గారు పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దాయన. ఒక చేత్తో చలానా పట్టుకుని, రెండవ చేత్తో ఒక్కొక్క అక్షరమే కొట్టేవారు. గళ్ళెక్కువయ్యాయని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. "ఈ కాగితంలో ఉన్న వరుసలోనే తెరమీదా ఉంటే చాలు బాబూ, మాటిమాటికీ మెడ తిప్పక్కర్లేదు," అన్నారు. ఆలస్యానికి అసలు కారణం ఆ ఒక్క మాటలో ఉంది. జాబితాలో అది లేదు.

జాబితా చదివి వినిపిస్తున్నాను. ఏడవది 'స్టాక్ టైపు'. వచ్చిన సరుకు వెంటనే వాడుకోవచ్చునా, తనిఖీకి పంపాలా, ఆపిపెట్టాలా అన్నది చెప్పే గడి అది. ఏమీ మార్చకపోతే వాడుకోవచ్చునన్న జవాబే వెళుతుంది. వెళ్ళిన మరుక్షణం నుంచి వర్కుషాపువారు ఆ సరుకును తీసుకోవచ్చు. పెద్దాయన అక్కడ నన్ను ఆపారు.

"వానలో తడిసి తుప్పుపట్టిన బేరింగులు వస్తే నేను ఎక్కడ చెప్పాలి? బాగున్నాయని నేనే రాసినట్టవుతుంది. కాగితంమీద పేరు నాదే కదా!"

నిజమే. ప్రతి నమోదుతో పాటు, చేసినవారి పేరూ శాశ్వతంగా నిలిచిపోతుంది.

సమావేశంలో ఈ మాట చెప్పాను. ఏడాదికి పదిసార్లయినా వాడని గడి ఎందుకని ఒక అధికారి అడిగారు. గోడకు వేలాడే ఇసుక బకెట్లను ఏడాదికి ఎన్నిసార్లు వాడుతున్నారని అడిగాను. కొందరు నవ్వారు. గడి మిగిలింది. తక్కిన 10 దాచి, మిగిలినవాటిని చలానా వరుసలో పేర్చాము. స్టాక్ టైపును మూడు బటన్లుగా మార్చి, వాటిమీద తెలుగులో రాద్దామనుకున్నాము. 'బాగుంది', 'పరీక్షించాలి' అన్నవి కుదిరాయి. మూడవదానికి నేను 'నిలుపుదల' అన్నాను. ఆయనకు నచ్చలేదు. కొంచెంసేపు ఆలోచించి, "'ఆపాను' అని పెట్టండి," అన్నారు.

'బ్లాక్డ్' అన్న ఆంగ్లపదంలో ఎవరు ఆపారో ఉండదు. మన క్రియాపదంలో కర్త తోకలా అంటుకునే ఉంటాడు. ఆ 'ను' అన్న ఒక్క అక్షరంలో, సరుకును చేత్తో తడిమి చూసి కాదనే మనిషి ఉన్నాడు. తన పేరు ఎలాగూ లోపల నమోదవుతున్నప్పుడు, ఆ మాట తన నోటి మాటగానే ఉండాలని ఆయన కోరిక కాబోలు.

అప్పటినుండి ఎవరైనా తెరను సులభం చేయమని వస్తే, దాచమన్న ప్రతి గడి దగ్గరా ఒక ప్రశ్న వేస్తున్నాను: ఇక్కడ ఇకపై జవాబు ఎవరిది? చాలా గళ్ళకు ఆ ప్రశ్న అవసరం లేదు, నిశ్చింతగా దాచేయవచ్చు. కానీ నూటికి ఒకటో రెండో గళ్ళలో ఒక మనిషి వివేకం కాపురముంటుంది. ఆ గడి ఎంత మారుమూలన ఉన్నా, ఎంత అరుదుగా తెరుచుకున్నా, దాని తలుపు మూసే అధికారం మనకు లేదు.

మీరూ రోజూ ఏదో ఒక తెరముందు కూర్చునే ఉంటారు. మీకు కనబడకుండా దాచిన గళ్ళలో మీ పేరుమీద ఏ జవాబులు వెళుతున్నాయో ఎప్పుడైనా ఆరా తీశారా?