ముల్లు మీద చూపు
మా అంబాసిడర్‌కి కొత్త స్టీరియో బిగించే ముందు బ్యాటరీ చూశా. బాడీకి పోయే వైరు మైనస్‌దా, ప్లస్‌దా? పాత బ్రిటిష్ కార్లు చాలావాటికి ప్లస్సే ఎర్త్. మాది మైనస్సే, హమ్మయ్య. పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎరుపు కీ దగ్గరికి, నలుపు బాడీకి. మధ్యలో ఫ్యూజు తప్పనిసరి. కోడ్‌లో తప్పయితే రీస్టార్ట్ చేస్తాం, ఇక్కడ పొగొస్తుంది.

అసలు పని మీటర్లది. 40 ఏళ్లుగా నాన్న ఇంజన్‌ని చెవితోనే కనిపెట్టుకున్నారు. ఆ చెవి ఈమధ్య మందగించింది. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తం. అందుకే స్టీరియో వంకతో టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ మీటర్లు కూడా పెట్టేశా. టెంపరేచర్ సెన్సర్‌కి ఎర్త్ ఇంజన్ నుంచే అందాలి. మరల మీద టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ముల్లు తప్పు చూపిస్తుంది.

"ఇవెందుకురా?" అన్నారు.

"స్టీరియోతో పాటే వచ్చాయి నాన్నా."

శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్నంతసేపూ ఆయన చూపు ముల్లు మీదే.