మా సందు మొగనున్న వేపచెట్టు

సీతాఫల్‌మండి నేను పుట్టి పెరిగిన పేట. పూర్వమిచ్చట సీతాఫలముల బేరము విరివిగా జరుగుచుండుటచేత ఈ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఇప్పుడు శరత్కాలమున గంపలలో వచ్చు పండ్లే గాని, ఆ చెట్టు మా పేటలో కంటబడుట అరుదు. దగ్గరనే ఉస్మానియా విశ్వవిద్యాలయమును, తార్నాకయు నున్నవి. విశ్వవిద్యాలయపు ఆవరణమునకును వెలుపలి రోడ్డునకును గల భేదమును చిన్ననాటినుండి నా అరికాళ్లే యెరుగును. 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్స్ కాలేజి భవనమును చూడవచ్చువారు దాని గులాబి వన్నె రాతిని పొగడుదురు. వేసవిలో కాలినడకను పోవు మాకు మాత్రము అచ్చటి చెట్ల నీడయే ప్రియము. ఆవరణము దాటి తార్నాక చౌరస్తా చేరితిమా, బస్సులు, ఆటోలు, ధూళి, ఎండ!

2017వ సంవత్సరము నవంబరులో మెట్రో రైలు తార్నాక మీదుగా నడువ నారంభించెను. దాని వంతెన క్రింద, స్తంభముల నడుమ, పచ్చని మొక్కలు వెలసినవి. వంతెన వానను ఆపును, ఎండను తగ్గించును. కావున అట్టి చోట నీడకు ఓర్చు మొక్కలనే నాటి, మనుష్యులే నీరు పోయవలెను. ఆ మొక్కలు వాహనములపై పోవువారి కన్నులకు చల్లదనము నిచ్చును గాని, రోడ్డు ప్రక్కన నడచువాని తలకు నీడ నీయజాలవు. అయినను వానిని చూచియే, మరుసటి యేడు, మా సందును గూడ అలంకరింపవలెనని మాకు బుద్ధి పుట్టినది.

మా సందు రోడ్డును కలియు చోట ఒక పెద్ద వేపచెట్టుండెడిది. దాని క్రింద ఒక ముసలమ్మ గంప పెట్టుకొని వేసవిలో మామిడిపండ్లను, వానలు వెనుకబట్టిన పిమ్మట సీతాఫలములను అమ్ముచుండెడిది. చందాలు పోగుచేసినవాడను నేనే. విజ్ఞప్తి వ్రాసినవాడను నేనే. చెట్టు చుట్టును పునాది త్రవ్వించి, మొదలునకు ఆనించి సిమెంటు అరుగు కట్టించి, టైల్సు పరపించి, మానునకు సున్నము గేరు పూయించితిమి. అరుగుపై క్రోటను కుండీలు పెట్టితిమి. టైల్సు మాయునని ముసలమ్మను ఎదుటి ప్రక్కకు, ఎండలోనికి, పొమ్మంటిమి. ఆమె గంప ఎత్తుకొనుచు, "చెట్టుకు నీళ్లెట్ల పోతయి సారూ?" అని యడిగెను. "దాని వేళ్లు పాతాళములో నున్నవి, నీకేల దిగులు?" అని నేను నవ్వితిని. అందరును నాతోడ నవ్విరి.

మూడవ యేట చెట్టు నడినెత్తిన ఆకు పలుచబడెను. నాలుగవ వేసవిలో ఒక రాత్రి ఈదురుగాలి వీచెను. తెల్లవారి చూచునప్పటికి వేపచెట్టు రోడ్డున కడ్డముగా పడియుండెను. దైవవశమున ఎవ్వరికిని హాని కలుగలేదు. అరుగు చీలి, వేళ్లు పైకి లేచియుండెను. అరుగు పునాదికై మేము నరికించిన పెద్ద వేళ్ల కొనలు కుళ్లి నల్లబడియున్నవి. గాలికి చెట్టును నిలబెట్టవలసిన వేళ్లనే మేము తెగగొట్టితిమి. ఆ దినమున నాకు తరగతిలో పాఠము చెప్పుటకు నోరాడలేదు.

పిమ్మట ఈ విషయమును గూర్చి కొంత చదివితిని. చెట్టుకు నీటిని, పోషణను తెచ్చు సన్నని వేళ్లలో ఎక్కువ భాగము నేలకు మూడడుగులలోపుననే యుండి, కొమ్మల వ్యాపనమును మించి ప్రక్కలకు ప్రాకును. అవి మట్టిలోని గాలిని పీల్చి బ్రతుకును. సిమెంటు ఆ గాలిని, నీటిని గూడ అరికట్టును. ఈ కారణముననే 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలు ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టు ఒక మీటరు మేర సిమెంటును తొలగింపుడని ఆజ్ఞ యిచ్చెను. పాతాళమున వేళ్లున్నవనుట నా అజ్ఞానము. ముసలమ్మ ప్రశ్నయే శాస్త్రము.

రెండువేల రెండువందల యేండ్లకు పూర్వము అశోక చక్రవర్తి బాటల వెంట మర్రిచెట్లు నాటించి, పశువులకును మనుష్యులకును నీడ నిచ్చుటకే నాటించితినని స్తంభముపై చెక్కించెను. చూచువారి మెప్పునకని చెప్పలేదు. 2022లో మన హైదరాబాదునకు కొరియా దేశపు జెజూలో ప్రపంచ హరిత నగర పురస్కారము లభించినది. అది మనకెల్లరకు గర్వకారణమే. అయినను ఆ పురస్కారము మా సందు మొగకు నీడ నీయలేదు. ఆ నీడను పోగొట్టినవారమే దానిని మరల తేవలెను.

అందుచేత పగిలిన అరుగును తీసివేయించి, అచ్చటనే ఒక కానుగ మొక్కను నాటితిమి. చుట్టును మీటరు మేర మట్టిని విడిచి, వాననీరు దానిలోనికి పారునట్లు పాదును పల్లముగా చేసి, ఎండుటాకులు కప్పితిమి. నాటుట ఒక దినపు పని. ఫొటో తీయించుకొనుట ఒక నిమిషపు పని. బ్రతికించుట మూడు వేసవుల పని. నా తరగతి బాలురు వంతులు వేసికొని, సెలవులలో గూడ బిందెలతో నీరు పోసిరి. రెండవ వేసవిలో ఒక వారము నేను నా వంతు మరచితిని. ఆకులు వాడినవి. ఒక చిన్న బాలుడు నన్నేమియు అనక తానే నీరు తెచ్చి పోసెను. ఆ సిగ్గు నా కిప్పటికిని మేలు చేయుచున్నది.

నేను ముసలమ్మ కడకు పోయి క్షమింపుమంటిని. "చెట్టు పోయింది గాని, జాగ యాడికి పోతది సారూ" అని ఆమె తన గంపను మరల పాత చోటికి తెచ్చుకొన్నది. కానుగ ఇప్పుడు నా తలకు మించినది. దాని నీడ ఇంకను ఆమె గంపను పూర్తిగా కప్పదు. మధ్యాహ్నమున ఆమె కొంచెము కొంచెముగా జరుగుచు దాని వెంట పోవుచుండును.

బాలబాలికలారా! మీ యింటి ముందరి చెట్టు మొదటను ఒకసారి చూడుడు. సిమెంటు బిగిసియున్న యెడల పెద్దలకు చెప్పి, వేరునకు దెబ్బ తగులకుండ మెల్లగా తీయింపుడు. మొక్క నాటగోరిన యెడల, మూడు వేసవులు నీరు పోయువారెవరో ముందుగా నిర్ణయించుకొనుడు. బాటను అందగింపబూనునప్పుడు, ఆ బాటపై కూర్చుండి బ్రతుకువారిని అడిగి చేయుడు. నేను అడుగలేదు, ఆమె అడిగినప్పుడు వినలేదు.