ద్వారం వెలుపలి భక్తులు



స్వధర్మనిష్ఠ గల అర్చకుడు అన్యమతస్థులను తన ఆదర్శమూర్తులుగా చెప్పుకొనవచ్చునా అన్న సందేహం మీలో కొందరికి కలుగవచ్చు. నేను 7వ ఏట ఉపనీతుడనై, పాఠశాలలో 12 ఏండ్లు వేదాధ్యయనం చేసి, తండ్రిగారి వద్ద వైఖానసాగమం అభ్యసించి, గోదావరీతీరంలోని ఒక చిన్న వేణుగోపాలస్వామి ఆలయంలో 30 ఏండ్లకు పైగా నిత్యార్చన చేస్తున్నవాడను. మార్మన్ మతసిద్ధాంతం నాకు గ్రాహ్యం కాదు. వారి ప్రవక్తను గానీ, వారి గ్రంథాన్ని గానీ ప్రమాణంగా స్వీకరించను. అయినా ఆ మతానికి చెందిన ముగ్గురిని స్మరించినప్పుడు నా చేతులు అప్రయత్నంగా ముకుళితమవుతాయి. దానికి కారణం ఒక ఆలయద్వారం.

2016లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నివసించే కొన్ని తెలుగు కుటుంబాల ఆహ్వానంపై వ్రతాదులు జరిపించడానికి వెళ్ళాను. ఒకనాటి సాయంకాలం మా ఆతిథేయుడు సాల్ట్ లేక్ సిటీలోని మార్మన్ ఆలయాన్ని చూపడానికి తీసుకువెళ్ళాడు. 1853లో శంకుస్థాపన జరిగి 1893లో ప్రతిష్ఠ పూర్తయిన ఆరు శిఖరాల శిలామందిరం అది. సుమారు 20 మైళ్ళ దూరంలోని కొండలోయ నుండి, తొలినాళ్ళలో ఎద్దులబండ్లపై, రాళ్ళు తరలించి 40 ఏండ్లు కట్టారు. పుష్పవాటికలు దాటి ద్వారాన్ని సమీపించగానే మా ఆతిథేయుడు ఆగిపోయాడు. "ఇక్కడిదాకానే స్వామీ! లోపలికి వారి మతస్థులకే ప్రవేశం. వారిలోనూ యోగ్యతాపత్రం పొందినవారికే" అన్నాడు.

ఆ నియమంపై నాకు ఆక్షేపణ లేదు. గర్భాలయానికి ఒక మర్యాద ఉంటుందని అర్చకుడికి వేరొకరు చెప్పనక్కరలేదు. కాని పుట్టి బుద్ధెరిగిన నాటి నుండి ఆలయం లోపలే నిలిచినవాడను, ఆనాడు మొదటిసారిగా ఒక దేవాలయ ద్వారానికి వెలుపల నిలిచాను. ఆ ప్రాంగణంలో సందర్శకులకు మార్గదర్శనం చేసే ఒక వృద్ధ మహిళ నా వేషధారణ చూసి ఆదరంగా పలకరించింది. మాటల నడుమ జేన్ మానింగ్ జేమ్స్ అనే భక్తురాలి వృత్తాంతం చెప్పింది. తిరిగి వచ్చిన తరువాత ఆ వృత్తాంతాన్నీ, దానితో ముడివడిన మరి ఇద్దరి చరిత్రలనూ మా అబ్బాయి సహాయంతో చదివి తెలుసుకొన్నాను.

జేన్ కనెక్టికట్ రాష్ట్రంలో దాస్యం లేకుండా జన్మించిన నల్లజాతి స్త్రీ. 1830లో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ మతాన్ని యౌవనంలో స్వీకరించింది. 1843లో తల్లిని, తోబుట్టువులను వెంటబెట్టుకొని, తన మతస్థులు నివసించే నావూ పట్టణానికి బయలుదేరింది. బఫెలో నగరం వద్ద నల్లవారన్న కారణంతో ఆ కుటుంబాన్ని నౌక ఎక్కనీయలేదు. అక్కడి నుండి దాదాపు 800 మైళ్ళు నడిచారు. పాదరక్షలు అరిగిపోయి, పాదాలు పగిలి, నేలపై నెత్తుటి అడుగులు పడ్డాయి. మోకరిల్లి ప్రార్థించగా పాదాలు స్వస్థమైనాయని ఆమె తన జీవితకథలో చెప్పుకొన్నది. నావూలో జోసెఫ్ స్మిత్ ఇంటనే ఆశ్రయం పొంది పనిచేసింది. 1847లో యూటా ఎడారికి చేరిన తొలి యాత్రికులలో ఆమె ఒకతె. కరవుకాలంలో, పొరుగింటి ఎలైజా లైమన్ అనే స్త్రీ పిల్లలకు పెట్టడానికి ఏమీ లేక ఉన్నప్పుడు, జేన్ తన వద్ద ఉన్న పిండిలో సుమారు సగం, అనగా రెండు పౌన్లు, ఆమెకు ఇచ్చివేసింది. ఈ సంగతి పుచ్చుకొన్న స్త్రీ తన దినచర్యలో వ్రాసుకొన్నందువల్లనే లోకానికి తెలిసింది.

ఇట్టి భక్తురాలికి ఆలయంలో జరిగే అత్యున్నత సంస్కారాలు లభించలేదు. జోసెఫ్ స్మిత్ కాలంలో కొందరు నల్లజాతి పురుషులకు పౌరోహిత్యాధికారం ఇచ్చినప్పటికీ, 1852లో ఆయన వారసుడు బ్రిగం యంగ్ ఆ జాతికి ఆ అధికారం లేదని ప్రకటించాడు. ఆ నిషేధంతోపాటు ఆలయదీక్ష ఆ జాతి స్త్రీపురుషులకు దూరమైంది. జేన్ సమాజాధిపతులకు పదేపదే విన్నవించుకొన్నది. 1884లో వ్రాయించిన లేఖలో, భూమిపైని సకల వంశాలకూ అనుగ్రహం లభిస్తుందని దేవుడు అబ్రహాముకు వాగ్దానం చేశాడు కదా, అందులో తనకు భాగం లేదా అని అడిగింది. చివరికి 1894లో ఆమెను జోసెఫ్ స్మిత్ కుటుంబానికి శాశ్వత సేవకురాలిగా అనుబంధించే ఒక ప్రత్యేక కర్మ జరిపారు. ఆ కర్మలో సైతం ఆమె స్థానంలో వేరొక స్త్రీని నిలిపారు. జేన్ తృప్తి చెందలేదు. మళ్ళీ అడిగింది. అడుగుతూనే, తాను దీక్ష పొందలేని ఆలయాల నిర్మాణానికి తన కష్టార్జితం నుండి కానుకలు సమర్పించింది. 1908లో దేహం చాలించింది.

అవమానాన్ని మౌనంగా భరించింది కనుక ఆమె పూజ్యురాలని నేను అనడం లేదు. ఆమె మౌనంగా లేదు. అడగడం మానలేదు, భక్తినీ విడువలేదు. ఈ రెంటినీ ఏకకాలంలో నిలుపుకొనడం ఎంత కఠినమో సాధన చేసినవారికి తెలుసు. అడిగేవాడికి క్రమంగా భక్తి ఎండిపోతుంది. భక్తుడికి అడగడం అపచారమనిపిస్తుంది. ఆమెలో ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు రాలేదు.

రెండవ వ్యక్తి బ్రెజిల్ దేశీయుడు హెల్వేసియో మార్టిన్స్. రియో డి జనీరోలో ఒక పెద్ద చమురు సంస్థలో ఉన్నతోద్యోగి. 1972లో భార్యాబిడ్డలతో ఈ మతంలో చేరాడు. నల్లజాతివాడు కనుక తనకు గానీ తన కుమారుడికి గానీ పౌరోహిత్యం లేదని తెలిసే చేరాడు. 1975లో సావో పాలోలో ఆలయం నిర్మిస్తామన్న ప్రకటన రాగా, ఆ కార్యంలో శ్రద్ధగా పాలుపంచుకొన్నాడు. నిర్మాణం సాగుతుండగా దంపతులిద్దరూ అక్కడికి వెళ్ళి, పరమపవిత్రమైన మందిరం రాబోయే చోట నిలిచి, తాము అందులో అడుగుపెట్టలేమని తెలిసి, ఒకరినొకరు పట్టుకొని కన్నీరు కార్చారు. కుమారుడు ప్రచారకుడిగా వెళ్ళే అవకాశమే లేని రోజులలో, ఆ సేవ కొరకని అతడి పేర పొదుపు ఖాతా తెరిచారు. గోపురాలకు రాళ్ళు మోసి, ప్రతిష్ఠనాడు దూరాన నిలిచిన మన పల్లెల కూలీలు ఇది చదివినప్పుడు నాకు గుర్తుకు వచ్చారు.

మూడవవాడు ఆ ద్వారం తెరిచినవాడు. స్పెన్సర్ కింబల్ 1973లో సమాజాధ్యక్షుడైనాడు. అప్పటికే కంఠంలో క్యాన్సర్ వల్ల స్వరతంత్రులలో అధికభాగం పోగొట్టుకొని, బొంగురు గొంతుతో మాట్లాడే వృద్ధుడు. బాల్యం నుండి ఆ నిషేధం మధ్యనే పెరిగినవాడు. దానిని జీవితాంతం సమర్థించడానికి తాను సిద్ధంగా ఉండేవాడనని ఆయనే తరువాత ఒప్పుకొన్నాడు. అయినా 1978 వసంతంలో దినదినమూ, అందరూ వెళ్ళిపోయిన తరువాత, సాల్ట్ లేక్ ఆలయంలో ఏకాంతంగా కూర్చుని ప్రార్థించాడు. ఎవరినీ శ్రమపెట్టకుండా రాత్రింబవళ్ళు లోపలికి వెళ్ళడానికి ఆలయపు తాళపుచెవి ఒకటి తన వద్ద ఉంచుకొన్నాడు. ఆ సంవత్సరం జూన్ 1న తోటి అధికారులతో కలిసి ప్రార్థించగా దైవానుజ్ఞ లభించిందని వారి విశ్వాసం. జూన్ 9న లోకానికి ప్రకటించారు. 126 ఏండ్ల నిషేధం తొలగింది. కింబల్ వయస్సు అప్పుడు 83.

ఆ అక్టోబరులో సావో పాలో ఆలయం ప్రతిష్ఠితమైంది. మార్టిన్స్ కుమారుడు నిశ్చయమైన వివాహాన్ని వాయిదా వేసుకొని ప్రచారకుడిగా వెళ్ళాడు. తండ్రి 1990లో సమాజపు ఉన్నతాధికారులలో ఒకడైనాడు. జేన్‌కు మాత్రం 1979లో, మరణించిన 71 ఏండ్లకు, ఆమె పక్షాన మరొకరు నిలువగా ఆ దీక్ష జరిగింది. పితృకర్మలు ఆచరించే మనకు, పరోక్షంలో ఉన్నవారి కొరకు చేసే కర్మ వింతగా తోచదు. కాని శ్రాద్ధం పెట్టే ప్రతివాడి మనస్సులో మెదిలే ప్రశ్న ఒకటి ఉన్నది: బ్రతికి ఉన్నప్పుడు ఎందుకు పెట్టలేదు?

నిషేధం ఉన్నంతకాలం దానికి ఉపపత్తులు పుడుతూనే వచ్చాయి. పూర్వజన్మలో విశ్వాసలోపమనీ, ఆదిపురుషుడి నుండి వచ్చిన శాపమనీ పండితులు వ్యాఖ్యానించారు. 2013లో ఆ సమాజమే అట్టి వాదాలను తిరస్కరిస్తున్నట్లు ప్రచురించింది. ఇది చదివి నేను చాలాసేపు కదలలేకపోయాను. జన్మాంతర కర్మ, వంశదోషం అన్న పదాలు నాకు కొత్తవి కావు. మూసిన తలుపుకు శాస్త్రంలో ఆధారం వెదకడం నాకూ చేతనైన విద్యే.

ఇక నా సంగతి చెప్పాలి. నేను అర్చకత్వం స్వీకరించిన తొలినాళ్ళ నుండి ప్రతి శనివారం ఊరి దక్షిణపు వాడ నుండి ఒక వృద్ధురాలు వెదురుబుట్టలో తులసీ, బంతిపూలూ కట్టిన దండ తెచ్చేది. గోపురం గడపకు ఈవల, మెట్టుపై పెట్టి పక్కకు జరిగేది. నేను దండ తీసుకువెళ్ళి స్వామికి అలంకరించి, తీర్థం తెచ్చి ఆమె దోసిట్లో పైనుండి పోసేవాడిని. శఠారి మాత్రం బయటికి తెచ్చేవాడిని కాను. మా తండ్రిగారు అలాగే చేశారు. 1947లోనే మద్రాసు రాష్ట్రంలో చట్టం ఆలయద్వారాలను అందరికీ తెరిచిందని ఆమెకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు.

ప్రతివారమూ ఆమె ఒకే ప్రశ్న అడిగేది. "అయ్యగారూ, ఈవేళ నా దండ సామి మెడలో ఎలాగుంది?"

నేను వర్ణించి చెప్పేవాడిని. మురళి మీదుగా ఎలా జారిందో, దీపకాంతిలో బంతిరెక్కలు ఎలా మెరిశాయో చక్కని మాటలలో చెప్పేవాడిని. ఆమె కన్నులు మూసుకొని వినేది. ఇంతటి వర్ణన చేసే నోటికి "లోపలికి రా, నీవే చూడు" అన్న మాట 11 ఏండ్లలో ఒక్కమారైనా రాలేదు. ఒక వర్షాకాలంలో ఆమె పోయింది. మరుసటి శనివారం మెట్టు ఖాళీగా ఉన్నది. నేను పూజకు ఆలస్యమవుతున్నదని లోపలికి వెళ్ళిపోయాను.

సాల్ట్ లేక్ సిటీలో ద్వారం వెలుపల నిలిచినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చినది ఆమెయే. కింబల్ చేతిలో తాళపుచెవి ఉన్నది. నా మొలలోనూ ఉన్నది. ఆయన దానితో రాత్రులు లోపలికి వెళ్ళి, తాను నమ్మినదే తప్పేమో అని దేవుణ్ణి అడిగాడు. నేను దానితో నిత్యమూ తలుపు తీసి, ఏ ప్రశ్నా అడగకుండా మళ్ళీ వేశాను.

తిరిగి వచ్చిన సంవత్సరం ముక్కోటి ఏకాదశికి ముందు ఆ వాడకు వెళ్ళాను. ఇంటింటా నిలిచి, ఉత్తరద్వార దర్శనానికి రమ్మని పిలిచాను. గ్రామపెద్దలు అభ్యంతరం చెబుతారని భయపడి సమాధానాలు సిద్ధం చేసుకొన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆ మౌనమే నన్ను ఎక్కువగా బాధించింది. ఇన్నాళ్ళూ వారు అడ్డుగా ఉన్నారనుకొన్నాను, కాని వారిని నేను ఏనాడూ అడగనేలేదు.

2018 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ దేవాలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ గారు, హైదరాబాదు జియాగూడలోని రంగనాథాలయంలో, ఒక దళిత భక్తుణ్ణి భుజాలపై మోసి లోపలికి తీసుకువెళ్ళారు. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని మోసిన పుణ్యకథను పునరావృతం చేసిన ఆ మునివాహన సేవను చూసి సంతోషించాను, సిగ్గుపడ్డాను కూడా. మార్గం మన సంప్రదాయంలోనే ఉన్నది. నాకు దానిని జ్ఞాపకం చేసినవారు మాత్రం సముద్రాల కావలి అన్యమతస్థులు. ఉపకారం ఎవరి నుండి కలిగినా కృతజ్ఞత చెప్పుకొనడం ధర్మం.

ఇప్పుడు ఆ వృద్ధురాలి మనుమరాలు శనివారాలలో దండ తెస్తుంది. మెట్టుపై పెట్టదు. అంతరాళం ముందు నిలిచి, నేను స్వామికి దండ వేస్తుండగా చూస్తుంది. ఒక్కొక్కమారు, "కొంచెం ఎడమకు జరపండి అయ్యగారూ" అంటుంది. నేను జరుపుతాను.

స్వస్తి.