ఎన్ని పెట్టెలు?

2013 జూన్‌లో మా ఇంటి సామానంతా కర్నూలులో ఒక ఎరువుల అంగడి వెనకాల ఉండే షట్టరు గదిలో పడింది. మేం మాత్రం తిరిగి మంత్రాలయం వచ్చేసినాం. సామానుకు చోటు దొరికింది. మనుషులకు దొరకలేదు.

నేను బడిపంతుల్ని. కర్నూలు పక్కనుండే బడికి బదిలీ అయింది. తోటి టీచరొకాయన తనకు తెలిసిన కాలనీలో ఇల్లు చూసిపెట్టినాడు. ‘గవర్నమెంటు టీచరు, తాగడు, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి’ అని ఇంటాయనకు చెప్పినాడు. పేరు చెప్పలేదు. చెప్పాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. లారీ మాట్లాడుకుని, ఎమ్మిగనూరు మీదుగా తొంభై కిలోమీటర్ల దాకా పోయి ఆ ఇంటి ముందర దిగినాం. కూలీలు బీరువా దించుతుండగా పెద్దాయన బయటికొచ్చి, నవ్వుతా ‘పేరేమన్నారు సార్?’ అన్నాడు. చెప్పినాను. నవ్వు పోలేదు గానీ గేటు తెరవబోయిన చెయ్యి గేటు మీదనే ఉండిపోయింది. ‘నాకేం లేదు సార్. ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోరు. పూజలూ అవీ ఉంటాయి’ అన్నాడు. అడ్వాన్సు లెక్కబెట్టి వెనక్కిచ్చినాడు. ఒక్క రూపాయి పట్టుకోలేదు. మంచోడే.

లారీ డ్రైవరు ఇంకో బాడుగకు పోవాలంటాడు. పొద్దు గుంకుతోంది. అప్పుడెవరో ఎరువుల అంగడి చూపించినారు.

హైదరాబాదు, బెంగుళూరులాంటి చోట్ల ఇంటి సామాను దాచిపెట్టే కంపెనీలొచ్చినాయి. వాళ్ళే వచ్చి, లెక్క రాసుకుని, డబ్బాల్లో కట్టి తీసుకుపోయి నెలకింతని బాడుగ తీసుకుంటారు. అమెరికాలో ఊరూరా ఇట్లాంటి గదులుంటాయి, ఎవరి బీగం వాళ్ళదే. కర్నూలులో మాకు ఆ పని షట్టరు గది చేసింది. అంగడికని కట్టి, బాడుగకు ఎవరూ రాక ఖాళీగా పెట్టిన గది. అంగడాయన రెండే మాటలడిగినాడు. ‘ఎన్ని పెట్టెలు? ఎన్ని నెలలు?’ చీటీ మీద నా పేరు రాసుకున్నాడు, అదీ తప్పుగా. తల కూడా ఎత్తలేదు. బీరువా కింద ఇటుకలు పెట్టినాం. చెదలకు భయపడి గోడకు జానెడు ఎడం వదిలినాం. బట్టల పెట్టెల్లో వేపాకూ కలరా ఉండలూ వేసినాం. పరుపుల మీద టార్పాలిను కప్పి షట్టరు దించినాం.

ఒక్కటి మాత్రం ఆ గదిలో పెట్టలేదు. గుడ్డలో చుట్టిన కురాన్ షరీఫ్. ఎరువు మూటల పక్కన దాన్ని ఎట్ల పెట్టేది? అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని రాత్రి బస్సులో మాతోపాటు వెనక్కొచ్చింది. ఆమెకు దాన్ని చదవడం రాదు. ఏ అక్షరమూ రాదు.

అంగడాయన అడిగిన మాట దారి పొడుగునా నా చెవిలో మోగింది. అది మా అమ్మ మాట.

మేం దూదేకులోళ్ళం. మా నాయన మంత్రాలయంలో దూది ఏకి బతికినాడు. రాఘవేంద్రస్వామి మఠానికి వచ్చే యాత్రికులకు సత్రాలూ లాడ్జీలూ ఉంటాయి కదా, వాటి పరుపులు అణిగిపోతే నాయన విల్లు భుజాన వేసుకుని పోయేవాడు. పరుపు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టిచ్చేవాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన భక్తులు మా నాయన ఏకిన దూది మీద పడుకుని స్వామిని తలుచుకున్నారు.

ఆ ఊరి కథ అందరికీ తెలిసిందే. అప్పుడు దాని పేరు మంచాల. 17వ శతాబ్దంలో బీజాపూరు సుల్తానుల కింద ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ ఆ ఊరిని స్వామికిచ్చినాడు. పరీక్షించాలని పళ్ళెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పి పంపితే, గుడ్డ తీసేసరికి పండ్లయినాయని, నవాబు సిగ్గుపడి ఏ ఊరు కావాలో కోరుకోమన్నాడని చెప్పుకుంటారు. స్వామి 1671లో అక్కడే బృందావనంలోకి పోయినారు. ఆదోని జామియా మసీదు కట్టించిందీ ఆ ఖానే. చిన్నప్పుడు ఈ కథ చెప్పినప్పుడల్లా తోటి పిల్లలు పండ్ల దగ్గర చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను ఊరిచ్చిన దగ్గర కొట్టేవాణ్ణి.

మా పక్క వానలు నమ్ముకుంటే కడుపు నిండదు. మంత్రాలయం, కోసిగి, కౌతాళం పక్కనుండే పల్లెల్లో దసరా దీపావళి దాటినాక ఇండ్లకు బీగాలు పడతాయి. సుగ్గికి పోతారు. గుంటూరు పక్క పత్తి తీయడానికి, మిరపకాయ కోయడానికి, పిల్లల్నీ చంకనేసుకుని పోతారు. ఉగాదికి ఇల్లు చేరుతారు. అన్ని నెలలు ఇంట్లో ఉండే ఆ కాస్త సామాను ఎవరు చూడాలి? మా వీధిలో కురువోళ్ళూ బోయోళ్ళూ మాదిగోళ్ళూ తమ పెట్టెలు తెచ్చి మా ఇంట్లో పెట్టేవాళ్ళు. అమ్మ గడపలో నిలబడి ఒకటే అడిగేది: ‘ఎన్ని పెట్టెలు?’

రసీదు లేదు, బాడుగ లేదు. ఎవరి పెట్టె ఎవరిదో గుర్తుండడానికి వాళ్ళ పాత చీర నుంచే ఒక పేలిక చించి పెట్టె పిడికి కట్టేది. పచ్చ పేలిక ఎదురింటి అవ్వది, ఎర్ర పేలిక చెరువుకాడోళ్ళది. ఉగాదికి వచ్చినోళ్ళు పేలిక విప్పుకుని పెట్టె ఎత్తుకుని పోయేవాళ్ళు. పోతా పోతా ఇన్ని ఎండు మిరపకాయలు చాటలో పోసేవాళ్ళు.

1992 డిసెంబరు 6 నాకు బాగా గుర్తు. బాబ్రీ మసీదు కూల్చినారని రేడియోలో విని నాయన ఆ రాత్రి అంగడి పలకలు లోపలి నుంచి వేసుకున్నాడు. మూడు రోజులు పరుపుల పనికి పోలేదు. నాలుగో రోజు పొద్దున్నే తలుపు కొట్టినారు. నాయన వణికినాడు, అబద్ధమెందుకు. తలుపు తీస్తే ఎదురింటి అవ్వ. ఆ యేడు ఆలస్యంగా సుగ్గికి పోతున్నారు. నెత్తిన పెట్టె. అమ్మ ఎప్పటి మాటే అడిగింది. ‘రెండు’ అంది అవ్వ. ఆ రెండు పెట్టెలే ఆ రోజు మాకు పోలీసు బందోబస్తు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర మంత్రాలయంలోకొచ్చింది. నీళ్ళు మోకాళ్ళకొచ్చేసరికి నేను మా బీరువా దగ్గరికి పరిగెత్తినాను. అమ్మ గదమాయించింది. ‘మనది తర్వాత. ముందర పేలికలుండేవి ఎత్తు.’ బెంగుళూరుకు బేల్దారి పనికి పోయిన రెండిండ్లోళ్ళ పెట్టెలవి. వాటిని నెత్తిన పెట్టుకుని ఎత్తుగా ఉండే ఒక లాడ్జీ మిద్దె మీదికి చేర్చినాం. మళ్ళీ కిందికి దిగడానికి దారి లేదు. నాయన మిగిల్చిపోయిన దూదంతా తడిసిపోయింది. తడిసిన దూది ఎంత బరువో అప్పుడే తెలిసింది నాకు. విల్లొక్కటే ఎట్లనో దూలానికి చిక్కుకుని మిగిలింది. వారం పోయినాక వాళ్ళొచ్చి పెట్టెలు తెరిచి చూసుకున్నారు. ఒకదాంట్లో రేషను కార్డు, పెండ్లి చీర, బిడ్డ కాళ్ళ కడియాలు. ఇంకోదాంట్లో పాత బట్టలు తప్ప ఏమీ లేవు. దానికోసం మా సామాను పోగొట్టుకున్నామని నేనంటే అమ్మ నా పక్క చూడను కూడా లేదు.

ఇట్లాంటి ఇంటి నుంచి పోయినోణ్ణి కాబట్టే కర్నూలులో ఆ గేటు నాకు అంత దెబ్బ.

నాలుగు నెలలు ఇండ్ల కోసం తిరిగినాను. ఇండ్లకు కరువు వచ్చిన ఊరే అది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు కట్టడాలు చాలక సర్కారు ఆఫీసులు డేరాల్లో నడిచినాయి. మూడేండ్లకు సామాను సర్దుకుని హైదరాబాదు పోయినాయి. నాకు మాత్రం ఇండ్లు కనిపిస్తానే ఉండాయి, టు-లెట్ బోర్డులతో సహా. ఒకాయన ‘మాది శాకాహారం’ అన్నాడు. ఆయన గోడ వెనకనే కోడికూర వాసనొస్తోంది. ఇంకొకాయన ‘మీ తెలుగు వింటే సాయిబులని ఎవరూ అనుకోరు సార్’ అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, ఇల్లు మాత్రం లేదన్నాడు.

సరే, మనోళ్ళ దగ్గరికే పోదామని పాతబస్తీకి పోయినాను. 1839లో ఇంగ్లీషోళ్ళు నవాబును దించేసినా ఆ గల్లీల్లో నవాబీ ఇంకా దిగలేదు. ఇంటి పెద్దమనిషి సలాముకు సలాము చెప్పి ఉర్దూలో కుశలమడిగినాడు. నేను తెలుగులో జవాబు చెప్పినాను. ‘ఉర్దూ నై ఆతీ క్యా?’ అన్నాడు. తర్వాత మెల్లగా, లోపలికి తిరిగి ఎవరితోనో అన్న మాట నా చెవిన పడింది: ‘లద్దాఫ్.’

సర్కారు జాబితాలో బీసీ-బి కింద మా పేర్లు వరసగా ఉంటాయి. దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాష్. అందులో ఒకటి తెలుగోళ్ళకు తిట్టు, ఇంకోటి ఉర్దూ ఇండ్లలో వెక్కిరింత. మా పేర్లే చూడండి. హుసేనప్ప, పీరయ్య, మస్తానమ్మ. ముందు సగం విని వాళ్ళు ఇల్లు లేదంటారు, వెనక సగం విని వీళ్ళు లేదంటారు. మైనారిటీలో మైనారిటీ అని మీటింగుల్లో చెప్పుకుంటాం గానీ, దాని అర్థం నాకు బాడుగ ఇంటి గడపలో తెలిసింది. ఆ నాలుగు నెలలూ నా సామాను మాత్రం ఏ కులమూ మతమూ లేకుండా షట్టరు గదిలో హాయిగా నిద్రపోయింది.

చివరికి పాతబస్తీలోనే ఒక విధవరాలు ఇల్లిచ్చింది. ఆమెకూ నమాజు రాని కోడలుందంట, నవ్వుతా చెప్పింది. షట్టరు ఎత్తి చూస్తే బట్టలన్నిటికీ ఎరువు వాసన. మూడు ఉతుకులకు గానీ పోలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నేను బాగా దెబ్బలు తిన్నోణ్ణని చెప్పుకోవడానికి కాదు. బ్యాంకు అప్పుతో ఇప్పుడు నాకూ కర్నూలులో చిన్న ఇల్లుంది. మీద ఒక గది వేసి టు-లెట్ బోర్డు పెట్టినాను. మొన్న ఒక పిల్లోడు ఫోను చేసినాడు. మాట మర్యాదగా ఉంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, ‘పేరేమప్పా?’

అవతల కొంచెంసేపు మాట లేదు. ఆ కొంచెంసేపు నాకు బాగా తెలుసు. అందులో నేను నాలుగు నెలలు బతికినాను. పిల్లోడు పేరు చెప్పినాడు, ఇంటిపేరు మింగేసినాడు. నా నాలిక మీద రెండో ప్రశ్న కూడా తయారుగా ఉంది, ‘మీరేమిట్లు?’ అని. ఎవరు నేర్పినారు నాకు ఇది? ఆ గేటు మీద చెయ్యేసిన పెద్దాయనా? ‘లద్దాఫ్’ అన్న పెద్దమనిషా? వాళ్ళిద్దరినీ నా ఇంట్లోకి నేనెప్పుడు రానిచ్చినాను?

అమ్మ మంచం మీద నుంచి అంతా వింటానే ఉంది. ఇప్పుడామెకు చూపు సరిగ్గా ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. కురాన్ షరీఫ్ ఆమె తలకాడ గూట్లో ఉంది, అదే గుడ్డలో. ఫోను నా చెవి దగ్గర ఉండగానే గట్టిగా అరిచింది:

‘ఎన్ని పెట్టెలో అడుగురా ముందు!’

అడిగినాను. ‘ఒకటే సార్’ అన్నాడు పిల్లోడు.