గోరంత అచ్చు... కోఠి నుంచి లాడ్ బజార్ దాకా!

పెళ్లి ఇంకా పన్నెండు రోజులుంది. చీరలొచ్చాయి. జాకెట్లు టైలర్ దగ్గరున్నాయి. ఇక మిగిలినవి గాజులూ, గోళ్లూ. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆ తల్లీ ఇద్దరు కూతుళ్లూ కోఠిలో బస్సు దిగింది ఆ పనిమీదే. గోళ్ల పూచీ చిన్నదానిది. 'పార్లర్‌కి అంత డబ్బెందుకమ్మా, అక్క పది వేళ్లూ నేనే వేసేస్తా' అని ఇంట్లో అందరి ముందూ మాటిచ్చేసింది మరి!

సుల్తాన్ బజార్ సందుల్లో ఏ రంగు కావాలన్నా దొరుకుతుంది, నిలబడే చోటే దొరకదు. బండ్ల మీద గోళ్లరంగు సీసాలు వరస కట్టి ఉంటాయి... చిలకపచ్చ, వంగపండు రంగు, నెమలికంఠం, గంధం. షేడ్ నంబరు అడిగేవాళ్లు తక్కువ. సంచిలోంచి జాకెట్టు ముక్క తీసి సీసా పక్కన పెట్టి చూసుకునేవాళ్లే ఎక్కువ. వీళ్లూ అదే చేసి ముదురు మెరూన్ తీసుకున్నారు. 'భయ్యా, స్టాంపింగ్ కిట్ ఉందా?' అని చిన్నది అడిగితే షాపతను ఓ పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. గుండ్రటి స్టీలు బిళ్ల, పిడి ఉన్న మెత్తటి స్టాంపు, ఓ ప్లాస్టిక్ రేకు.

'ఇదేమిటే, పోస్టాఫీసు ముద్దరలా ఉంది!' అంది తల్లి.

ఆవిడ మాటలో సగమే నిజం. పోస్టాఫీసు ముద్రలో అక్షరాలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, సిరా వాటికే అంటుతుంది. ఇక్కడ అంతా తలకిందులు. బొమ్మను స్టీలు బిళ్లలో లోపలికి సన్నగా చెక్కుతారు. దానిమీద రంగు పూసి రేకుతో ఒక్కసారి గీకితే పైదంతా పోయి గాడుల్లోది మాత్రం మిగులుతుంది. స్టాంపు దాన్ని ఎత్తుకుంటుంది. వెంటనే, ముందే రంగువేసి ఆరబెట్టిన గోటిమీద దొర్లిస్తే బొమ్మ అక్కడికొచ్చేస్తుంది. గోరు చదునుగా ఉండదు కాబట్టే స్టాంపు అంత మెత్తన.

ఈ కిటుకు గోళ్ల కోసం పుట్టింది కాదు. స్విట్జర్లాండ్‌లో గడియారాల డయళ్ల మీద అంకెలు అచ్చేసింది ఇలాగే... చెక్కిన రేకు, మెత్తటి జెలటిన్ దిండు. తర్వాత జెలటిన్ పోయి సిలికాన్ వచ్చింది. పెన్నులు, గోల్ఫ్ బంతులు... వంపు ఉన్న వస్తువులన్నిటికీ పాకింది. దాన్నే గోటికి సరిపడా కుదించి 2000వ దశకంలో దేశదేశాలకూ అమ్మింది దక్షిణ కొరియా కంపెనీ కోనాడ్. చూడ్డానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది కానీ, దీని వెనక గడియారాల వాళ్ల బుర్ర ఉందన్నమాట!

కానీ ఇంటికెళ్లాక మొదటి రాత్రి ఒక్క పువ్వూ రాలేదు. ఎన్నిసార్లు ఎత్తినా స్టాంపు శుభ్రంగానే ఉంది. కారణం... బిళ్ల మీది నీలిరంగు ప్లాస్టిక్ పొర తీయకపోవడం! కొత్తగా కొన్నవాళ్లు తరచూ చేసే పొరపాటే ఇది. మర్నాడు పొర తీశారు. అచ్చు పడింది గానీ, మెరూన్ మీద గులాబీ రంగు పువ్వు కళ్లు చికిలించినా కనిపించదే! మామూలు పాలిష్ పల్చన. రెండుసార్లు పూస్తేగానీ నిండురంగు రాదు. అలాంటిది గాడిలో నిలిచే రవ్వంత రంగు ముదురు మెరూన్ మీద ఏం తేలుతుంది? అందుకే స్టాంపింగ్‌కి చిక్కటి పాలిష్ వేరే ఉంటుంది. ముదురు రంగు మీదకు తెలుపో బంగారమో వెండో, లేతరంగు మీదకు నలుపో నీలమో. బంగారు రంగు సీసా కోసం మళ్లీ ప్రయాణం, ఈసారి బేగంబజార్‌కు.

నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం ఈ జాగాను వ్యాపారులకిచ్చిందనీ, ఆ పేరు అలా వచ్చిందనీ చెబుతారు. జీడిపప్పు, ఇత్తడి బిందెలు, గిల్టు నగలు, బొమ్మలు, సౌందర్య సాధనాలు... అన్నీ టోకు బేరాలే. ఒక్క సీసా అడిగితే షాపువాళ్లు ముఖం అదోలా పెడతారు. అయినా ఆడవాళ్లు వదలరు కదా! ఇక బిళ్లల మీది బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది. బయట మే నెల ఎండ మాడ్చేస్తుంటే లోపల మంచు రేకలు, క్రిస్మస్ చెట్లు, ఈఫిల్ టవర్లు. వెతగ్గా వెతగ్గా ఓ మామిడిపిందెల బిళ్ల దొరికింది. పెళ్లిచీర అంచులోనూ మామిడిపిందెలే. చిన్నదాని ముఖం వెలిగిపోయింది.

ఫ్యాన్ చేసిన పని

వెలుగు ఆ సాయంత్రం దాకానే. సగం పిందె గోటిమీదకొస్తే సగం బిళ్లలోనే ఉండిపోతోంది. 'రంగు పాడైందేమో' అని అక్క, 'పెళ్లి దగ్గరపడింది, పార్లర్‌కి ఫోన్ చేస్తా' అని అమ్మ. చిన్నదానికి ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. సెల్‌ఫోన్ వెలుతురులో, పంతం కొద్దీ ఇంకొక్కటి వేసింది. పిందె మొత్తం పడింది... తొడిమతో సహా!

రంగు తప్పేం లేదు, తప్పంతా నెత్తిమీది ఫ్యాన్‌ది. స్టాంపింగ్ పాలిష్ క్షణాల్లో ఆరిపోతుంది. గీకడం, ఎత్తడం, అద్దడం గబగబా అయిపోవాలి. ఫ్యాన్ తిరుగుతుంటే రంగు గాడిలోనే గట్టిపడి స్టాంపుకు అంటదు. అలాగని అడుగు రంగు విషయంలో తొందర పనికిరాదు. అది పూర్తిగా ఆరకపోతే స్టాంపు దాన్ని కూడా ఊడదీసుకుపోతుంది. అచ్చు పడ్డాక పైపూత వేసేటప్పుడు మళ్లీ రెండు నిమిషాలు ఓపిక పట్టాలి. బ్రష్‌ను గోటికి ఆనీ ఆనకుండా ఒక్కసారే లాగాలి. రెండోసారి లాగితే పిందె కాస్తా మరకవుతుంది. స్టాంపును అసిటోన్‌తో తుడవకూడదు, సిలికాన్ పాడవుతుంది. సెల్లోటేపు అద్ది తీస్తే చాలు.

ఇవన్నీ తెలిసేసరికి పెళ్లి నాలుగు రోజుల్లోకొచ్చింది. అప్పుడు నానమ్మ నోరు విప్పింది. 'పెళ్లికూతురి గోళ్లకు ఆ సీసా రంగేమిటే? గోరింటాకు పెట్టండి. పేరులోనే గోరుంది కదా!' అని. పాలిష్ వేస్తే గోరింటాకు పండదు. గోరింటాకు పెడితే మెరూన్ ఎందుకు? ఇల్లు రెండు పార్టీలైంది.

తగవు తేలకుండానే గాజులకు బయల్దేరారు. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీద మూసీ దాటితే మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్... ఆ పైన 1591 నాటి చార్మినార్. దాని పడమటి పక్క వీధే లాడ్ బజార్. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, గాజుగా వంచి, అద్దాలూ రాళ్లూ పొదుగుతారిక్కడ. 2024లో హైదరాబాద్ లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గాజులమ్మే ఆయన పెళ్లికూతురి చేతిని ముడిచి, బొటనవేలు లోపలికి నొక్కి, గాజు ఎక్కించిన తీరు చూడాల్సిందే. గోళ్లరంగు వేసుకున్న మర్నాడు రాకపోవడమే మంచిదైంది!

పక్కనే మెహందీ కోన్ల దుకాణం. రంజాన్ నెలవంక కనిపించిన రాత్రి ఈ వీధిలో అడుగుపెట్టే సందుండదు. నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు నీళ్లు గోటికి తగలాలి. పాలిష్ పొర అడ్డుపడుతుందని చాలామంది వేసుకోరు. గోరింటాకు పొర కాదు, గోటిలోకి ఇంకే రంగు. కాబట్టి ఇబ్బంది లేదు. దుకాణంలో ఆమె ఈ మాట చెబుతుంటే చిన్నది చటుక్కున తల తిప్పింది.

'అమ్మా, గోరింటాకే అడుగు రంగనుకుంటే?'

ఆ రాత్రే రుబ్బిన గోరింటాకు పెట్టారు. రెండు రోజులకు గోళ్లు ఎర్రగా ముదిరాయి. పెళ్లి ముందురోజు రాత్రి వాటిమీద రంగులేని పాలిష్ ఒక్కపూత, అది ఆరేదాకా అరగంట. కిటికీలు మూశారు, ఫ్యాన్ ఆపారు. చుట్టూ మూగిన చుట్టాలంతా విసనకర్రలు కూడా పక్కన పెట్టి చెమటలు కక్కుతూ కూర్చున్నారు. మూడో వేలికి పిందె వంకరపోయింది. తుడిచి మళ్లీ వేసింది. ఎర్రటి గోటిమీద బంగారు పిందె చూసి నానమ్మ ఏమీ అనలేదు, కళ్లజోడు సర్దుకుని ఇంకాస్త దగ్గరకు జరిగింది.

పదో వేలి మీద పైపూత ఆరేసరికి పన్నెండున్నర. అప్పుడు ఫ్యాన్ వేశారు.