డిస్కుకు సొంత దారి

అండమాన్‌లోని గరాచర్మలో వాన ఇంకా కురుస్తూనే ఉంది. ఆఫీసులో చాన్నాళ్లుగా వెంటాడుతున్న పని ఇవాళ ఒక కొలిక్కి వచ్చింది. మనసు తేలికపడింది.

మా దగ్గర సర్వర్లు వేరు, డిస్కులుండే పెట్టె వేరు. రెంటినీ కలిపేది ఐస్కజీ (iSCSI). డిస్కుకు వెళ్లాల్సిన ఆజ్ఞలే నెట్‌వర్క్ కేబుల్ మీద వెళ్తాయన్నమాట. ఇన్నాళ్లూ సీసీ కెమెరాలు, అందరి కంప్యూటర్లు ఉన్న స్విచ్‌కే దాన్నీ తగిలించాం. రద్దీ పెరిగితే డేటాబేస్ నిలిచిపోయేది. వెబ్‌పేజీ ఆలస్యమైతే మనిషి ఓర్చుకుంటాడు. డిస్కు కాసేపు జవాబివ్వకపోతే సర్వర్ రాయడమే మానేస్తుంది.

ఇప్పుడు ఐస్కజీకంటూ రెండు స్విచ్‌లు, సర్వర్‌కి రెండేసి పోర్టులు, రెండు సబ్‌నెట్లు. గేట్‌వే ఇవ్వలేదు, ఆ దారి బయటికి పోనక్కర్లేదు. ఒక దారి తెగినా రెండోది అందుకునేలా మల్టీపాథ్ పెట్టి ఒక కేబుల్ పీకి చూశాను. కాపీ ఆగలేదు! పెద్ద ప్యాకెట్లు పంపే జంబో ఫ్రేములకు అంతటా 9000 బైట్లు పెట్టాం అనుకున్నాం గానీ, ఒక్క పోర్టు 1500 దగ్గరే ఉండిపోయింది. చిన్న పింగులు వెళ్తున్నాయి, పెద్దవి మాయం. మధ్యాహ్నమంతా దానికే పోయింది. ముక్కలు చేయొద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ పంపితే దొరికింది.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి ఇక్కడికి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది కదా, అన్నీ క్లౌడ్‌లో పెట్టెయ్యొచ్చుగా అంటాడు విశాఖలో మా బావ. సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ అది. డిస్కు మీద రాసే ప్రతి అక్షరం సముద్రం దాటి వెళ్లి రావాలంటే ఎలా బావా? బ్యాకప్ అటు పంపుదాం. డిస్కు మాత్రం ఈ గదిలోనే, తన కేబుళ్ల మీదే.

రేపు రెండో స్విచ్‌ని వేరే యూపీఎస్‌కి మార్చాలి.