మూడు జొన్నరొట్టెలు

దసరా దాటి దీపావళి రాకమునుపు ఉండు ఆ మూడు వారములలో మా జహీరాబాదు ప్రాంతము కన్నులకు విందుగా నుండును. అప్పటికి వానలు తగ్గియుండును. ఎర్రనేలలలో జొన్నచేలు మనిషి ఎత్తు దాటి నిలుచును. సాళ్ల నడుమ కంది పూతకు వచ్చును. గట్లమీద తంగేడును గునుగును పూయును. రహదారి ప్రక్కన సీతాఫలములు గంపలకొలది అమ్మకమునకు వచ్చును. ఆ దినములలో పొద్దున్నే చేనిగట్టు మీద నడచినవాడు దేవునికి స్తోత్రము చెప్పకుండ ఇల్లు చేరలేడు.

ఈ కాలములోనే మేము నలుగురు మిత్రులము ఏటేట మూడు దినములు ఒకచోట కూడుకొనుట వాడుక. చిన్నతనమున మేము ఒక పట్టణములోని వసతిగృహములో ఒకే గదిలో పెరిగితిమి. ఇప్పుడు మాలో ఒకరు సంఘకాపరి, ఒకరు రైల్వేలో పనిచేసి విరమించినవారు, ఒకరు రైతు. నేను బడిపంతులుగా నుండి విరమించితిని. పెద్ద యాత్రలు మాకక్కరలేదు. కలిసి నడుచుట, కలిసి తినుట, రాత్రి రెండు పాటలు పాడుకొని నిద్రించుట, ఇంతే మా విహారము.

మొన్నటి ఏడు ఆ కూడిక మా ఊరిలో జరిగెను. మిత్రులు వికారాబాదు నుండి బీదరు వైపు పోవు రైలెక్కి జహీరాబాదు స్టేషనులో దిగిరి. అక్కడనుండి ఆటోలో ఊరు చేరితిమి. మా ఇల్లు ఎన్నడో కూలిపోయెను గనుక, మా అమ్మతో కలిసి కూలికి పోయిన ఒక పెద్దమ్మ ఇంట దిగితిమి. ఆమెకు ఎనుబది ఏండ్లు దాటినవి. నడుము వంగినది గాని చేతులు వంగలేదు.

మధ్యాహ్నమునకు ఆమె కోడలు తెల్లని బియ్యపన్నము, కోడికూర, పప్పు వడ్డించెను. కూర బహు రుచిగా నుండెను. తినుచుండగా మా అయ్యగారి చూపు పొయ్యి ప్రక్కకు పోయెను. అక్కడ ఒక బుట్టలో గుడ్డ కప్పి జొన్నరొట్టెలు దాచియుండెను. అవి ఇంటివారి కొరకు చేసినవి.

"అమ్మా, ఆ రొట్టెలు మాకు పెట్టరాదా?" అని అయ్యగారడిగిరి.

పెద్దమ్మ ముఖము చిన్నబోయెను. "ఎగతాళి చేస్తున్నరా అయ్యగారూ? ఇంటికొచ్చిన సుట్టాలకు రొట్టె పెట్టి పంపితే ఊరోళ్లు నన్ను ఏమంటరు?" అనెను.

ఎగతాళి కాదనియు, మాలో ఇద్దరికి చక్కెర వ్యాధి యున్నందున వైద్యులు అన్నము తగ్గించి జొన్నలు తినుమని చెప్పిరనియు వివరించితిమి. ఆమె కొంతసేపు మమ్మును ఎగాదిగా చూచి నవ్వెను. "అప్పుడు లేనోళ్ల తిండి, ఇప్పుడు ఉన్నోళ్ల మందాయె" అని బుట్ట మా ముందర పెట్టెను.

ప్రియ చదువరులారా, ఆ మాటలో మా ప్రాంతపు చరిత్ర యంతయు ఉన్నది. మా చిన్ననాట బియ్యపన్నము పండుగకు మాత్రమే. కూలి డబ్బుగా గాక జొన్నలుగా కొలిచెడివారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము ఇచ్చు పథకము వచ్చెను. అది ఎందరో బీదల ఆకలి తీర్చినది. ఆ మేలును ఎవరును తక్కువ చేయరాదు. అయితే బియ్యము చేతికి వచ్చిన కొలది జొన్న, సజ్జ, కొర్ర, సామ మన చేలలో తగ్గిపోయినవి. నీరున్న చోట చెరకు వచ్చెను. నీరు లేని ఎర్రనేలలు కొన్ని బీడు పడెను. అన్నిటికన్న మించినది, రొట్టె తినుట సిగ్గుపడవలసిన సంగతియని మన మనస్సులలో నాటుకొనెను.

ఆ 1983లోనే ఇక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. జహీరాబాదు నానుకొనియున్న పస్తాపూరు దాని స్థావరము. దాని అండతో ఊరూర స్త్రీల సంఘములు లేచినవి. వారిలో అధికులు దళిత కుటుంబముల వారు. బీడుపడిన భూములను దున్ని జొన్నలు వేసిరి. పండిన గింజలను ఊరిలోనే నిలువచేసి, బీదలకు తక్కువ ధరకు ఇచ్చిరి. విత్తనములను బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో దాచి, పైన మట్టితో మెత్తిరి. 2008లో మాచనూరులో తమ సొంత రేడియో నడుపుట మొదలుపెట్టిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి సంఘములకు ఈక్వేటర్ బహుమానము నిచ్చెను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. అక్షరము రాని స్త్రీలు కాపాడిన గింజలకు లోకము ఆలస్యముగా లేచి నమస్కరించినది.

మా పెద్దమ్మయు ఒక సంఘములో నున్నది. మరునాటి ఉదయము ఆమె మనుమడు మమ్మును చేనికి తీసికొనిపోయెను. ఎకరము చేనిలో జొన్న, కంది, అనుములు, పుంటికూర కలిసియుండెను. "ఇన్ని కలిపి వేయుటెందుకు?" అని రైల్వే మిత్రుడడిగెను. రైతుమిత్రుడు జవాబిచ్చెను: వాన ముందుపోయిన ఒకటి నిలుచును, వెనుకపోయిన మరియొకటి నిలుచును. కంది ఆకు రాలి నేలకు బలమిచ్చును. జొన్నచొప్ప పశువులకు మేతయగును. ఒక పంటయే వేసినవాడు ఆ ఒక్క పంటతోనే మునుగును, తేలును.

చేనిలో ఎవరును విత్తకుండ మొలచిన ఆకుకూరలను పెద్దమ్మ కోడలు ఒడిలో కోసికొనెను. చెంచలికూర, తుమ్మికూర, గంగవాయిలికూర అని పేరుపేరున చెప్పెను. పట్టణమువాడు కలుపు అని పారవేయుదానిని ఆమె కూర అనుచున్నది. అవి ఎవరి సొత్తును కావు. చేను లేని బీదరాలును కోసికొని పోవచ్చును.

అక్కడనే పిడకల నిప్పుమీద లేత జొన్నకంకులు కాల్చి, గుడ్డలో వేసి నలిపి, చేటతో చెరిగి, ఊచబియ్యము చేతులలో పోసిరి. వేడివేడిగా, పాలు నిండిన గింజలు. వాటితో కొంచెము బెల్లము. తరువాత సీతాఫలములు. నలుగురము ముసలివారము చేనిగట్టున పిల్లలవలె కూర్చుండి తింటిమి. రూతు బోయజు చేనిలో పనివారి ప్రక్కన కూర్చుండి వేపిన గింజలు తిని తృప్తిపొంది, కొన్ని మిగిల్చినదని వ్రాయబడిన సంగతి అయ్యగారు జ్ఞాపకము చేసిరి. ఆమె మిగిల్చినవి అత్తకు పట్టుకొనిపోయినది. చేనిలో తినువాడు ఇంటనున్నవారిని మరువరాదు గదా!

ఆ రాత్రి పెద్దమ్మ తానే పొయ్యి ముందర కూర్చుండెను. జొన్నపిండిలో మరిగిన నీళ్లు పోసి మెదిపి, ముద్దచేసి, పలకమీద అరచేతితో చరచుచు రొట్టెను వెడల్పు చేసెను. పెనము మీద వేసి, తడిగుడ్డతో పైభాగము తుడిచి, తిరగవేసి, చివరకు నిప్పులకు ఆనించగా రొట్టె పూరీవలె పొంగెను. పుంటికూర, ఎల్లిపాయకారము, చేనినుండి తెచ్చిన ఆకుకూర పప్పు. ఒక్కొక్క రొట్టె పొయ్యినుండి నేరుగా తలెలోనికి వచ్చుచుండెను.

రొట్టె చరచుచునే ఆమె నాతో ఇట్లనెను: "నీకు యాదికున్నదా కొడుకా? కరువు ఏడు మీ అమ్మ నా దగ్గెర సోలెడు పిండి బదులు తీస్కున్నది. బడిల ఉన్న పిలగానికి రొట్టెలు చేస్కపోత అన్నది. తన కడుపుకు అంబలి గూడ లేకుండె."

నా చేతిలోని ముక్క చేతిలోనే నిలిచిపోయెను.

1972లో వానలు కురియలేదు. నేనప్పుడు ఆరవ తరగతి. మా అమ్మ ఊరినుండి పట్టణమునకు నడిచి వచ్చి, గుడ్డలో కట్టిన మూడు రొట్టెలను గేటువద్ద నాకిచ్చెను. నడుమ ఎల్లిపాయకారము పూసియుండెను. లోపల మాకు సన్నని గంజియో అన్నమో దొరకుచుండెను గనుక, బియ్యము తిను పిల్లవాడనని నాకు గర్వముండెను. ఆమె చిరిగిన చీరను, ఆ మూటను తోటివారు చూతురని సిగ్గుపడితిని. "అమ్మా, ఇవి ఇంక తేకు. పిల్లలు నవ్వుతరు" అంటిని. ఆమె నా వైపు చూచి, "మంచిది బిడ్డా" అని వెళ్లిపోయెను. నేను ఆ మూటను గోడవెనుకకు విసిరివేసితిని. ఆమె మరి ఎన్నడును రొట్టెలు తేలేదు. నేనును ఆ సంగతి ఆమె బ్రతికియుండగా ఎత్తలేదు, క్షమాపణ అడుగలేదు. ఇప్పుడు అడుగుటకు ఆమె లేదు. ఆ పిండి బదులు తెచ్చినదని నాకు ఆ రాత్రి వరకు తెలియదు.

ఈ మాటలు నా మిత్రుల యెదుట మొదటిసారి ఒప్పుకొంటిని. పొయ్యిలో కట్టెలు చిటపటలాడుట తప్ప మరి శబ్దము లేదు. కొంతసేపటికి రైల్వే మిత్రుడు తల వంచుకొని పలికెను.

"ఆ మూట నేను చూసిన. నాకు అమ్మ లేకుండె, తెచ్చెటోళ్లు లేకుండిరి. నువ్వు పోయినంక తీసి మూడు రొట్టెలు ఆడ్నే కూసోని తిన్న. గంత కమ్మటి రొట్టె మల్ల తినలే. దొంగతనమని ఇన్నేండ్లు నీకు చెప్పలే."

పెద్దమ్మ రొట్టె తిరగవేయుట మానలేదు. "అయితే పారబోలే గదా. ఒక పిలగాని కడుపులనే పడ్డయి. మీ అమ్మ ఉంటే గిదే అంటుండె" అనెను.

అయ్యగారు అప్పుడు ప్రసంగమేమియు చేయలేదు. భోజనము సగములో నుండగానే మరల చేతులు జోడించి స్తోత్రము చెల్లించిరి. మొదటి స్తోత్రములో ఆహారము కొరకు దేవుని స్తుతించితిమి. రెండవ స్తోత్రములో ఆయన మా అమ్మ పేరు పలికిరి.

సహోదరీ సహోదరులారా, ఐదు యవలరొట్టెలు తెచ్చిన చిన్నవాని సంగతి మనమందరము ఎరుగుదుము. ఆ దేశములో యవలు బీదల గింజ, మనకు జొన్నవంటివి. అయిదువేలమంది యెదుట ఆ రొట్టెలు పైకి తీయుటకు ఆ చిన్నవాడు సిగ్గుపడలేదు. ఇన్నేండ్లు ఆ భాగము చదివియు నాకు తోచని సంగతి ఆ రాత్రి తోచెను: తెల్లవారకముందే లేచి ఆ రొట్టెలు కాల్చి మూటకట్టిన తల్లి యెవతెయో ఒకతె ఉండియుండును. ఆమె పేరు వ్రాయబడలేదు. తన రొట్టెలు ఎందరి ఆకలి తీర్చెనో ఆమెకు ఆ సాయంకాలమైనను తెలిసియుండును. మా అమ్మకు తెలియకయే పోయెను.

మూడవనాడు బయలుదేరునప్పుడు పెద్దమ్మ ఒక్కొక్కరికి మూడేసి రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చెను. రైల్వే మిత్రుడు తన మూటను రెండు చేతులతో పుచ్చుకొని, "ఈసారి దొంగతనం కాదు" అనెను. అందరము నవ్వితిమి, అతడు మాత్రము కన్నులు తుడుచుకొనెను.

మీ బిడ్డలు దూరముగా చదువుకొనుచున్న యెడల, మన గింజలను గూర్చి సిగ్గుపడవద్దని వారికి చెప్పుడి. మీ తల్లి ఇంకను బ్రతికియున్న యెడల, ఆమె చేతి రొట్టె తిని, బాగున్నదని ఆమె వినునట్లు చెప్పుడి. ఆ మాట చెప్పుటకు రేపటివరకు ఆగవద్దు. నేను ఆగితిని.